పాలపిట్ట గుద్దుకున్న కిటికీ

మా ఇంటికి తూర్పు దిక్కున సగం గోడ, సగం అద్దం. ఎల్లారెడ్డిలో మా వాడకట్టు అయిపోయి మక్కచేన్లు మొదలయ్యే చోట ఉంటుంది ఇల్లు. కట్టిన కొత్తలో దారిన పోయేవాళ్ళు బండి ఆపి మరీ చూసేవాళ్ళు. "ఇల్లు గట్టిండ్రా, బట్టల షాపు గట్టిండ్రా?" అని పక్కింటి వదిన ఒకనాడు అడగనే అడిగింది. నేను ఊరుకునే రకం కాదు. "షాపే వదినా. నువ్వు రా, పట్టుచీర గట్టి నిన్నే అద్దంల నిలబెడ్త" అన్నాను. ఆమె నవ్వింది, నేనూ నవ్వాను. నవ్వాను గానీ, ఆ అద్దాన్ని ఎవరైనా ఒక్క మాటంటే నాకు లోపల చురుక్కుమనేది. అది మా ఆయన ముచ్చటపడి పెట్టించుకున్న అద్దం.

మా ఆయన దుబాయిలో అద్దాలు తుడిచాడు. ఇంట్లో అద్దాలు కాదు. ఆకాశంలోకి లేచిన బిల్డింగులకు బయటి వైపున, నడుముకు తాడు కట్టుకుని పైనుంచి కిందికి దిగుతూ తుడవడం. బిడ్డ నా కడుపులో ఉండగా పోయినవాడు, బిడ్డ కామారెడ్డిలో డిగ్రీ చదివే వేళకు తిరిగొచ్చాడు. నడుమ సెలవు దొరికినప్పుడు వచ్చిపోయేవాడు గానీ, ఆ సెలవు ఒక్క దసరాకూ కలిసి రాలేదు. ఇక్కడ నేను బీడీలు చేసుకుంటూ బిడ్డను పెంచాను. చివరికి ఆయన మోకాళ్ళు మొరాయించాయి. "ఇగ సాలు, వచ్చెయ్యి. ఉన్నదే తిందాం" అని ఫోన్లో నేనే గట్టిగా కేకలేశాను. వచ్చేశాడు.

వచ్చినవాడు మాట్లాడడే! మనిషి విమానం ఎక్కాడు, మాటలు మాత్రం అక్కడే ఆగిపోయాయి. అడిగినదానికి ఊఁ అనేవాడు, పెట్టింది తినేవాడు, ఒక మూల కూర్చునేవాడు. నేనేమో నోరున్నదాన్ని. నేనే అడిగి, నేనే జవాబు చెప్పుకుంటూ ఎన్నాళ్ళని గడపను? ఇల్లు కట్టుకుందామని అనుకున్నప్పుడు మాత్రం ఆయన నోరు తెరిచి ఒక్కటే అడిగాడు.

"తూర్పుకు పెద్ద అద్దం గావాలె. ఇన్నేండ్లు అద్దాన్ని బయటికెళ్ళి జూసిన. ఇగ లోపట కూసోని జూడాలని ఉన్నది."

ఆ మాట విన్నాక కాదనడానికి నాకు నోరెక్కడిది?

అద్దం కామారెడ్డిలో తీసుకున్నాం. దుకాణపు సేటు నీలం రంగు అద్దం చూపించి, "ఇది మెరుపు అద్దం. ఎండ ఆపుతది. బయటోళ్ళకు లోపట ఏం కనబడది, ఆళ్ళ మొఖమే ఆళ్ళకు కనబడ్తది" అన్నాడు. మా ఆయన దాని మీద వేలితో కొట్టి విని, వెలుతురుకు ఎదురుగా పెట్టించి వంగి వంగి చూసి, ఇదే కావాలన్నాడు. ట్రాలీ ఆటోలో బొంతలు పరిచి, మధ్యలో అద్దాన్ని నిలబెట్టి, తాను వెనక కూర్చుని ఎల్లారెడ్డి దాకా దాన్ని పట్టుకునే వచ్చాడు. లింగంపేట దగ్గర గతుకులు వచ్చినప్పుడల్లా డ్రైవరును తిట్టాడు. ముందు సీట్లో కూర్చుని ఆ తిట్లు వింటూ నేను లోలోపల మురిసిపోయాను. తిడితే తిట్టాడు, నోరు పెగిలింది కదా!

కిటికీ పెట్టాక నా మొగుడు నాకు దొరికాడు. పొద్దున లేస్తూనే బయటికి పోయి అద్దం తుడిచేవాడు. సబ్బునీళ్ళు కొట్టి, రబ్బరు పట్టీతో పైనుంచి కిందికి ఒక్క చార కూడా మిగలకుండా లాగేవాడు. తర్వాత లోపలికి వచ్చి, కుర్చీ వేసుకుని, చాయ్ తాగుతూ చేన్ల దిక్కు చూస్తూ మాట్లాడేవాడు. ఎవరి చేనులో మక్క కంకి పట్టిందో, కరెంటు తీగ మీద ఏ పిట్ట వాలిందో, దుబాయి గదిలో వంట వంతు ఎవరిదైతే ఆ రోజు అందరూ పస్తులుండేవాళ్ళో, అన్నీ చెప్పేవాడు. నేను పక్కనే బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని, తునికాకులో తంబాకు వేసి చుడుతూ వినేదాన్ని. ఆయన చెప్పిన చోటల్లా నవ్వేదాన్ని, చెప్పని చోట కూడా నవ్వేదాన్ని. నా బతుకులో అంత కమ్మటి పొద్దులు నాకు గుర్తు లేవు.

వానలు తగ్గుముఖం పట్టాక ఒకనాడు పొద్దున ఠప్పుమని చప్పుడైంది. ఎవడో మట్టిగడ్డ విసిరాడనుకుని నేను తిట్లు అందుకున్నాను. బయటికి పోతే అద్దం కింద గువ్వ పడి ఉంది, మెడ వాలిపోయి. అద్దం మీద దాని రెక్కల ముద్ర బూడిద అంటినట్టు అంటుకుని ఉంది. మా ఆయన దాన్ని రెండు చేతులతో తీసి, మునగచెట్టు కింద గుంత తవ్వి పెట్టాడు. ఆ పూట ఆయన చాయ్ చల్లారిపోయింది.

ఒక్కటైతే ఖర్మ అనుకుందుము. తర్వాత పికిలిపిట్ట, ఆ తర్వాత గోరింక, మళ్ళీ గువ్వ. కొన్ని సోయి తప్పి కాసేపు పడి ఉండి లేచి పోయేవి. కొన్ని లేవలేదు. చప్పుడైన ప్రతిసారీ ఆయన కుర్చీలోంచి ఉలిక్కిపడి లేచేవాడు. చెబుతున్న మాట అక్కడికక్కడే తెగిపోయేది.

ఆయనకు తోచిన ఉపాయం ఆయన పనిలోంచే వచ్చింది. "అద్దం మసక మసకగ ఉన్నది. మంచిగ తుడిస్తే దూరంకెళ్ళి కనబడ్తది, గప్పుడు తాకయి" అని, పొద్దున తుడిచేది చాలక సాయంత్రం కూడా తుడవడం మొదలుపెట్టాడు. అద్దం తళతళలాడింది. పిట్టలు ఇంకా ఎక్కువ తాకాయి.

వదిన వచ్చి చూసి, "దిష్టి గాకుంటే ఇంకేంది? ఊరోళ్ళ కండ్లన్ని నీ అద్దం మీదనే ఉండె" అంది. బూడిద గుమ్మడికాయ కట్టాం, నిమ్మకాయ మిరపకాయలు కట్టాం. గుమ్మడికాయ గుమ్మానికి వేలాడింది, పిట్టలు కిటికీకి తాకాయి. దిష్టి సంగతి పిట్టకేం తెలుసు? అప్పుడు నాకో తెలివి పుట్టింది. లోపల ముదురు రంగు పరదా వేస్తే అద్దం వెనక ఏదో ఉందని వాటికి తెలుస్తుంది కదా అని, కామారెడ్డి నుంచి బిడ్డతో మందపాటి నల్ల పరదా తెప్పించి వేశాను. మర్నాడే ఒకదాని వెనక ఒకటి గువ్వలు తాకాయి. పైగా ఇల్లంతా చీకటి, ఆయన కుర్చీ ఎదురుగా నల్లగుడ్డ. నా తెలివి తెల్లారినట్టే ఉందని నన్ను నేనే తిట్టుకుని పరదా పక్కకు లాగేశాను. కానీ ఆయన మాత్రం ఆ కుర్చీలో మళ్ళీ కూర్చోలేదు. వచ్చిన కొత్తలో కూర్చున్న మూలకే పోయి కూర్చున్నాడు.

ఒకనాడు అన్నం తింటూ అన్నాడు, "దసరా అయినంక మేస్త్రిని పిలుస్త. అద్దం తీసి గోడ గట్టిద్దాం."

గోడ కడితే పిట్టలు బతుకుతాయి, నిజమే. మరి ఈయన? ఆ కిటికీ దగ్గర దొరికిన మనిషి మళ్ళీ ఏ గోడ దగ్గర దొరుకుతాడు నాకు? ఇన్నేళ్ళు ఎదురుచూసింది మూల కూర్చుని ఊఁ కొట్టే మనిషి కోసం కాదు. పిట్టలూ చావకూడదు, నా మొగుడి నోరూ మూతపడకూడదు. నాకు రెండూ కావాలి.

మా దిక్కు దసరా నాడు పాలపిట్టను చూడాలి. జమ్మి ఆకు చేతుల్లో పెట్టుకుని బంగారమని దండాలు పెట్టుకోవడం ఒక ఎత్తు, ఊరి బయటికి పోయి చేన్లలో, తీగల మీద పాలపిట్టను వెతికి చూడటం ఒక ఎత్తు. కనబడితే ఆ ఏడంతా మంచి జరుగుతుందని మా నమ్మకం. మా ఆయన దుబాయి పోయినప్పటి నుంచి దసరా నాడు దాన్ని చూసింది లేదు. సాయంత్రం ఫోన్ చేసి "కనబడ్డదా?" అని అడిగేవాడు. "కనబడ్డది. నీ పేరు మీద గూడ మొక్కిన" అని నేను చెప్పేదాన్ని.

ఆ దసరా పొద్దున నేను వంటింట్లో గారెల పిండి కలుపుతున్నాను. "ఏయ్, జల్ది రా! ఉరికి రా!" అని ఆయన కేక. పిండి చేతులతోనే ఉరికాను. కిటికీ ఎదురుగా కరెంటు తీగ మీద పాలపిట్ట కూర్చుని ఉంది. ఆయన మొహం వెలిగిపోతోంది. "ఊరవతలకు పోవుడే లేదు. మన ఇంటికాడికే వచ్చింది సూడు" అన్నాడు. ఎన్ని రోజులకో ఆయన నోట అంత పొడుగు మాట! ఇద్దరం చేతులు జోడించాం.

పాలపిట్ట తీగ మీంచి కిందికి దూకింది. గడ్డిలో ఏ మిడతనో చూసి ఉంటుంది. దూకి, పైకి లేచి, నీలి రెక్కలు పూర్తిగా విప్పి సూటిగా మా మీదికే వచ్చింది. మా ఆయన రెండు చేతులూ అడ్డంగా ఊపుతూ "వద్దు, వద్దు!" అని అరిచాడు. ఠప్పుమని తాకి కింద పడింది.

మా ఆయన ఉరికిపోయి దాన్ని చేతుల్లోకి తీశాడు, ఊపిరి ఆడుతోంది. పండుగ పూట పాలపిట్ట మా ఇంటికి తాకి పడింది. ఊళ్ళో తెలిస్తే ఏమంటారో అని ఒక భయం, ఆయన మొహంలోకి చూడాలంటే అంతకంటే పెద్ద భయం. పండక్కి వచ్చిన మా బిడ్డ మాత్రం ఆగమాగం కాలేదు. ఫోన్లో ఏదో వెతికి చదివి, "బాపూ, గట్టిగ పట్టుకోకు. నోట్లె నీళ్ళు పొయ్యకు. చీకట్ల పెట్టి సప్పుడు చెయ్యకుంట ఉండాలంట" అంది. ఆయన కొత్త చెప్పుల డబ్బాకు బొక్కలు పెట్టి, మెత్తటి గుడ్డ వేసి, పిట్టను అందులో పెట్టి మూత మూసింది. డబ్బాను బియ్యం డ్రమ్ము పక్కన నీడలో పెట్టాం. మా ఆయన దాని పక్కనే నేల మీద కూలబడ్డాడు. ఇంక గారెలెక్కడివి? నేనూ పక్కన కూర్చున్నాను.

అప్పుడు చెప్పాడు, మెల్లగా, డబ్బా వైపే చూస్తూ.

"ఆడ గూడ గిట్లనే పడుతుండె. సలికాలం వస్తున్నదంటె సాలు. ఏ దేశం పిట్టలో, గింత గింత ఉంటుండె. పొద్దుగాల మేం డ్యూటీకి పోయేసరికి బిల్డింగు కింద పడి ఉంటుండె. సంచిల ఏసి పారేసి, తాడు గట్టుకొని పైకి పోతుంటిమి. మళ్ళ అదే అద్దం తుడుస్తుంటిమి. మంచిగ మెరుస్తున్నదని సూపర్‌వైజరు శాబాషంటుండె."

"ఎన్నడు జెప్పలేదు నాకు" అన్నాను.

"ఫోన్ల జెప్పే ముచ్చటనా ఇది? తిన్నవా అని నువ్వడుగుతవు, తిన్న అని నేనంట. గంతే." డబ్బా మీద చెయ్యి పెట్టి, "నా ఇంట్లనన్న ఇది ఉండొద్దనుకున్న. నా ఎంబడే వచ్చింది" అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. ఇన్నేళ్ళు ఈ మనిషి నాతో ఫోన్లో మాట్లాడాడు గానీ, ఆయన మనసులో ఏముందో ఆ డబ్బా పక్కన కూర్చున్న పూటే తెలిసింది నాకు. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. పిండి ఆయన చేతికి కూడా అంటింది.

చాలాసేపటికి డబ్బాలో గీరిన చప్పుడు వినిపించింది. మళ్ళీ గీరింది. బిడ్డ డబ్బాను ఇంటి వెనక్కి, అద్దం లేని దిక్కుకు తీసుకుపోయి నేల మీద పెట్టి మూత తీసింది. పాలపిట్ట మమ్మల్ని కోపంగా చూసింది. నిజం, కోపంగానే చూసింది. తర్వాత రెక్కలు విప్పి, ఒక పక్కకు ఒరిగి, సర్దుకుని, వేపచెట్టు మీదికి ఎగిరింది. అక్కడి నుంచి చేన్ల మీదుగా పోయింది. పేరు తెలిసిన దేవుళ్ళకూ తెలియని దేవుళ్ళకూ అందరికీ దండం పెట్టాను. మా ఆయన కళ్ళు తుడుచుకుని, "బతికింది. గంతే సాలు. రేపే మేస్త్రిని పిలుస్త" అన్నాడు.

"ఆగు బాపూ. ముందుగాల నాతోని రా" అంది బిడ్డ.

ఇద్దరినీ చేను గట్టు మీదికి తీసుకుపోయి ఇంటి వైపు తిప్పి నిలబెట్టింది. "ఇప్పుడు నువ్వే పిట్టవనుకో. ఏం కనబడ్తున్నది?" అని అడిగింది.

చూశాం. కిటికీ ఉండాల్సిన చోట ఆకాశం ఉంది. మబ్బు ఉంది, తీగ ఉంది, పచ్చటి చేను ఉంది. ఇల్లు కట్టినప్పటి నుంచి ముందు నుంచే పోతున్నాం, వస్తున్నాం, ఒక్కనాడూ ఇట్లా నిలబడి చూడలేదు. ఆయన తుడిచిన కొద్దీ ఆ ఆకాశం ఇంకా తేటపడింది. నేను వేసిన నల్ల పరదా కిటికీని మొహం చూసుకునే అద్దం చేసిపెట్టింది. పాపం పిట్ట, ముందు దారి ఉందనే వచ్చింది.

"లోపట ఏం జేసినా లాభం లేదు. బయట దిక్కే అడ్డం కనబడాలె" అంది బిడ్డ.

"ఒక గద్ద బొమ్మ అతికిస్తే?" అని అడిగాను.

"దాని పక్కకెళ్ళి వస్తయమ్మా. అద్దమంత నిలువు గీతలుండాలె, బెత్తెడు బెత్తెడు ఎడంల. గంత సందుల తను పట్టదని పిట్ట పక్కకు మల్లుతది."

నా చెయ్యి చూసుకున్నాను. బెత్తెడంటే నాలుగు వేళ్ళ వెడల్పు. ఆ వేళ్ళ మీద బీడీ దారం కోసిన గీతలు కనబడ్డాయి. ఇంట్లో దారపు ఉండలకు కొదవ లేదు. ఒంటి పోగైతే సన్నం, మనకే కనబడదు, పిట్టకేం కనబడుతుంది? అదే చాలా పోగులు కలిపి పురి పెడితే తాడు అవుతుంది. ఆ మాటే చెప్పాను.

మా ఆయన మొహం ముడుచుకున్నాడు. "ఇగ నా అద్దానికి జైలు ఊచలు గట్టు" అన్నాడు.

"చేనుకు కంచె లేదా? కంచె ఉన్నదని నీకు చేను కనబడ్తలేదా?" అన్నాను. "గోడ కంటె నా దారం పాడైందా? చెప్పు."

ఆయన కిటికీ దగ్గరికి పోయి జానతో దాని వెడల్పు కొలిచాడు. కొలిచాడంటే ఒప్పుకున్నట్టే.

దసరాకూ దీపావళికీ మధ్య మా అరుగు మీద బీడీలు తక్కువ, దారాలు ఎక్కువ. బిడ్డ కాలేజీకి వెళ్ళిపోయాక వదిన వచ్చి కూర్చుంది. "దిష్టి అని చెప్పింది నేనే గద. పురి గూడ నేనే పెడ్త తియ్యి" అంది. పాలపిట్ట సంగతి అప్పటికే వాడకట్టంతా పాకింది. నేను భయపడినట్టు ఎవరూ అపశకునం అనలేదు. "బతికి పోయింది గద, మంచే అయితది" అన్నారు. బీడీలు చేసే ఆడవాళ్ళు తలా ఒక ఉండ తెచ్చిచ్చారు. ఒకరు కొస పట్టుకుంటే ఒకరు తొడ మీద పేనేవాళ్ళు. "దుబాయి అద్దానికి ఎల్లారెడ్డి దారం" అని మా ఆయన్ని ఏడిపించారు. ఆయన సిగ్గుపడి లోపలికి పోయి అందరికీ చాయ్ పెట్టుకొచ్చాడు. చక్కెర ఎక్కువైంది. అయినా ఎవరూ వంక పెట్టలేదు. ఆ చేతులన్నింటికీ నేను ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

కిటికీ పైన బయటి వైపు ఆయన ఒక ఇనుప పైపు బిగించాడు. సగం దారాలు ఆయన కట్టాడు, సగం నేను కట్టాను. కింది కొసలు గాలికి కదిలేటట్టు వదిలేశాం. మొదటి పొద్దున ఇద్దరం కిటికీ లోపల ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. గువ్వ ఒకటి కరెంటు తీగ మీంచి సూటిగా వచ్చింది. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. చప్పుడు రాలేదు. "మల్లింది!" అని మా ఆయన కేకేశాడు. "సూసినవా? మల్లింది!" కళ్ళు తెరిచేసరికి అది ఇంటి మూల దాటి పోయింది. నేను గువ్వను చూడలేదు, ఆయన్ని చూశాను. అది చాలు నాకు.

ఆ తర్వాత ఒక్కటీ తాకలేదని అబద్ధం చెప్పను. అరుదుగా ఎప్పుడో ఒకటి తాకినా, దులుపుకుని పోయింది. మునగచెట్టు కింద మళ్ళీ తవ్వాల్సిన పని పడలేదు. అద్దాన్ని ఆయన ఇప్పుడు పండుగలకే తుడుస్తున్నాడు. మేస్త్రి మాట ఎత్తడం లేదు. కుర్చీ కిటికీ దగ్గరికి వచ్చింది, ఆయనా వచ్చాడు, ఆయన మాటలూ వచ్చాయి. ఈ మధ్య ఎక్కువే వచ్చాయి. బీడీల లెక్క తప్పిస్తున్నాడని నేనే విసుక్కుంటున్నాను.

మొన్న ఎండాకాలం గాలిదుమారం వచ్చింది. రేకులు లేచిపోయాయి, మామిడికాయలు రాలాయి. పొద్దున చూస్తే కిటికీ సగం ఖాళీగా ఉంది. నేను కట్టిన దారాలన్నీ జారి కింద పడ్డాయి. ఆయన కట్టినవి ఒక్కటి కూడా కదల్లేదు. రోజంతా దారంతో ముడులు వేసేదాన్ని, నాకెంత రోషం వచ్చి ఉంటుంది! స్టూలు ఎక్కి ఆయన ముడిని దగ్గర నుంచి చూశాను. నేనెన్నడూ చూడని ముడి. పట్టుకుని గుంజాను. గుంజిన కొద్దీ ఇంకా బిగిసింది.

"ఇదేం ముడి?" అని అడిగాను.

"దుబాయి ముడి. తాడుకు ఏస్తుంటి. దీని మీద బరువేసే దిగుతుంటి" అన్నాడు కింద నిలబడి, స్టూలు పట్టుకుని.

"ఇన్నేండ్లల్ల ఒక్కసారన్న ఊడిందా?"

"ఊడితే పొద్దుగాల చాయ్ ఎవలకు పోస్తుంటివి?" అని నవ్వాడు.

ఆయనకు నవ్వులాట. నేను ఆ ముడిని పిడికిట్లో పట్టుకుని నిలబడ్డాను. ఆయన క్షేమంగా రావాలని నేను మొక్కని గుడి లేదు, ఉండని ఉపవాసం లేదు. పొద్దున లేస్తూనే ఆయన బరువు మోసింది మాత్రం ఈ ముడి. ఇది ఒకటి ఉందని కూడా నాకు తెలియదు. తల వంచి, ఆ ముడిని రెండు కళ్ళకూ అద్దుకున్నాను.

"ఏందే, పిచ్చి గిట్ల పట్టిందా?" అన్నాడు.

"పట్టింది. స్టూలు గట్టిగ పట్టుకో" అన్నాను.